మేయర్ ఓటు మనది కాదు, మరి మనం తిరిగింది దేనికి?

(పాఠకుల ప్రశ్నలు – జవాబులు. మునిసిపల్ ఎన్నికల మీద వచ్చిన ఉత్తరాలకు ఈసారి తిరుపతి కొర్లగుంటలో టైలరింగ్ షాపు నడుపుతున్న ఒక అక్క జవాబులు చెబుతున్నారు. 2021 కార్పొరేషన్ ఎన్నికల్లో ఇండిపెండెంటుగా నిలబడ్డ ఇరుగింటాయన కోసం ఆమె ఇంటింటికీ తిరిగారు. ఆయన ఓడిపోయారు. తన పేరు వేయొద్దని అక్క షరతు పెట్టారు.)

ప్రశ్న: అక్కా, 2021లో నేను డిగ్రీ చదువుతున్నాను. మా డివిజన్‌లో గెలిచిన అభ్యర్థి తరఫున ఎండలో స్లిప్పులు పంచాను. తీరా మేయర్ ఎవరో టీవీలో చూసి తెలుసుకోవాల్సి వచ్చింది. న్యూయార్క్‌లో మేయర్‌ను జనమే నేరుగా ఎన్నుకుంటారట. మనకెందుకు ఆ ఓటు లేదు? – ఒక పాఠకుడు, గిరిపురం

జవాబు: న్యూయార్క్ దాకా ఎందుకు నాయనా, మన రాష్ట్రంలోనే ఉండేది. 1995లోనూ 2000లోనూ విజయవాడ, విశాఖపట్నం జనం కార్పొరేటర్‌కి ఒక ఓటు, మేయర్‌కి ఒక ఓటు వేశారు. 2000లో విజయవాడ మేయర్‌గా గెలిచిన పంచుమర్తి అనురాధకు అప్పటికి ముప్పై ఏళ్లు కూడా నిండలేదు. 2005 నుంచి ఆ పద్ధతి ఎత్తేశారు. ఇప్పుడు మనం కార్పొరేటర్‌ను గెలిపిస్తాం, కార్పొరేటర్లు ఒక హాల్లో కూర్చుని మేయర్‌ను ఎన్నుకుంటారు. చీటీ లేదు, పెట్టె లేదు, చేతులెత్తడమే. ఎక్స్‌అఫీషియో, అంటే తమ పదవి వల్లే కౌన్సిల్‌లో చోటుండే సభ్యులని ఎమ్మెల్యే, ఎంపీ, ఎమ్మెల్సీలకు కూడా అక్కడ చెయ్యి ఎత్తే హక్కుంది.

మన ఊరి సంగతి ఇంకా విచిత్రం. తిరుపతి మునిసిపాలిటీ పుట్టింది 1886లో. కార్పొరేషన్ అయింది 2007 మార్చిలో. కార్పొరేషన్‌కు మొదటి ఎన్నిక జరిగింది 2021లో! అంటే 14 ఏళ్లు కార్పొరేషన్ అనే బోర్డు ఉంది, మేయర్ లేరు. ఇంటి పన్ను మాత్రం ఏ ఏడాదీ ఆగలేదు, అది వేరే సంగతి. ఆ ఎన్నిక కూడా 2020 మార్చిలో నామినేషన్ల దాకా వచ్చి కరోనాతో ఆగింది. ఏడాది తర్వాత ఆగిన చోటు నుంచే మళ్లీ మొదలుపెట్టారు. మా ఇరుగింటాయన అచ్చు వేయించిన పాంప్లెట్లు ఆ ఏడాదంతా నా షాపులో కుట్టు మిషను కింద మూటగట్టి ఉన్నాయి. వాటి మీద పడ్డ మిషను నూనె మరకలతోనే పంచాం.

2021 మార్చి 10న పోలింగు. 14న లెక్కింపు. 18న మేయర్ ఎన్నిక. డాక్టర్ శిరీష తిరుపతి తొలి మేయర్ అయ్యారు. ఇప్పుడు ఆ 14కీ 18కీ మధ్య ఉన్న రోజులు చూడు. నిజమైన మేయర్ ఎన్నిక ఆ రోజుల్లోనే జరుగుతుంది. అక్కడ నువ్వూ లేవు, నేనూ లేను. నీ అభ్యర్థి గెలిచాడు, నా అభ్యర్థి ఓడాడు, 18వ తేదీ పొద్దున మాత్రం ఇద్దరం టీవీ ముందే ఉన్నాం. ఒక పార్టీకి 50లో 48 డివిజన్లు వచ్చాక హాల్లో పోటీ ఏముంటుంది? పేరు పార్టీలో ఖాయమై వస్తుంది. ఏ పార్టీకి అన్ని సీట్లు వచ్చినా అంతే చేస్తుంది, ఎవరినీ విడిగా తప్పు పట్టను.

నేరుగా ఓటు ఉండాలనే నా మాట కూడా. కానీ ఒకటి ఆలోచించు. మేయర్ కౌన్సిల్ సమావేశానికి అధ్యక్షత వహిస్తారు, అజెండా మీద చర్చ నడిపిస్తారు. ఆఫీసు, సిబ్బంది, ఫైళ్లు, టెండర్లు అన్నీ నడిచేది కమిషనర్ చేతి మీదుగా. కమిషనర్‌ను పంపేది, మార్చేది రాష్ట్ర ప్రభుత్వం. ఈ అధికారాలు ఇలాగే ఉంచి మేయర్‌ను మాత్రం మూడు లక్షల మంది నేరుగా ఎన్నుకున్నారనుకో. కాలువ పొంగిందని ఆ మూడు లక్షల మందీ ఆవిడనే తిడతారు, పూడిక తీసే మనిషిని పంపమని ఆవిడ మళ్లీ కమిషనర్‌నే అడగాలి. ఓటు ఒక్కటే అడిగితే చాలదు. ఓటుతో పాటు పనిచేయించే అధికారం కూడా అడగాలి. ఆ రెండో మాట ఏ పార్టీ మైకులోనూ నేను వినలేదు.

ప్రశ్న: మా డివిజన్‌లో అసలు పోలింగే జరగలేదు. ఏకగ్రీవం అన్నారు. ఓటే వేయని మేము ఆ కార్పొరేటర్‌ను పని అడగొచ్చా? – పేరు రాయని పాఠకురాలు, తిరుపతి

జవాబు: అడగొచ్చు కాదమ్మా, అడగాలి. 2021లో మన 50 డివిజన్లలో 22 ఏకగ్రీవం అయ్యాయి. చిత్తూరులో 50కి 37. పోటీలో ఒక్కరే మిగిలితే నోటాకు కూడా చోటుండదు, ఎన్నికైనట్టు ప్రకటించేస్తారు. అది మీకు నచ్చకపోవచ్చు, నాకూ నచ్చదు. అయినా జీతమో గౌరవ వేతనమో మన పన్నుల్లోంచే కదా. మొహమాటపడకండి.

ప్రశ్న: అక్కా, 2021లో తిరుపతిలో ఒకే ఒక్క డివిజన్ గెలిచిన పార్టీ 2025లో డిప్యూటీ మేయర్ పదవి ఎలా గెలిచింది? మధ్యలో ఎన్నికలేవీ జరగలేదు కదా? మా హాస్టల్లో దీని మీద పెద్ద వాదన. – ఎస్వీ యూనివర్సిటీ విద్యార్థి

జవాబు: ఎన్నికలు జరిగాయి బాబూ, 2024లో, అసెంబ్లీకి. రాష్ట్రంలో ప్రభుత్వం మారితే తిరుపతిలో కార్పొరేటర్ల కండువాలు మారతాయి. 2021 నాటి డిప్యూటీ మేయర్లలో ఒకరు అసెంబ్లీకి పోటీ చేయడానికి రాజీనామా చేశారు, ఆ ఖాళీకి 2025 ఫిబ్రవరిలో ఎన్నిక పెట్టారు. అది మీ యూనివర్సిటీ సెనేట్ హాల్లోనే జరిగింది, నువ్వు ఆ రోజు క్లాసుకు పోయినట్టున్నావు. మొదటి రోజు, 3న, కోరం లేక, అంటే ఉండాల్సినంత మంది సభ్యులు రాక వాయిదా పడింది. బయట గొడవలు పేపర్లో చదివే ఉంటావు. 4న చేతులెత్తితే నువ్వడిగిన పార్టీ అభ్యర్థికి 26, ఎదుటి అభ్యర్థికి 21గా తేలింది.

విప్ సంగతి కూడా మీ వాదనలోకి వచ్చే ఉంటుంది. గుర్తింపు ఉన్న పార్టీ తన కార్పొరేటర్లకు ఫలానా వారికే చెయ్యెత్తమని విప్ ఇవ్వొచ్చు. ధిక్కరిస్తే సభ్యత్వం పోతుంది, కానీ ఎత్తిన చెయ్యి మాత్రం లెక్కలోకే వస్తుంది. అందుకే ఆ రోజు గెలిచినవాళ్లు గెలిచినట్టే ఉంటారు, మిగతాది తర్వాత నోటీసుల్లో, కోర్టుల్లో నడుస్తుంది. విశాఖపట్నంలో అదే ఏడాది ఏప్రిల్‌లో ఏకంగా మేయర్ మీదే అవిశ్వాసం నెగ్గింది.

నా షాపుకు వచ్చే ఒక పెద్దాయన దీన్ని చూసి, "మనం ఓటేసింది మనిషికా, గుర్తుకా, ఇంతకీ ఎవురికేసినామో సెప్పు పాపా" అన్నాడు. ఆయన జాకెట్టు గుడ్డలు ఇవ్వడానికి వచ్చాడు, నేను కొలతలు రాసుకుంటున్నాను, జవాబు చెప్పలేదు. మీ హాస్టల్లో ఎవరైనా చెప్పగలిగితే నాకు రాయండి.

ప్రశ్న: మాది చిత్తూరు. ఈసారి మా వీధి నుంచి ఒకావిడ కార్పొరేటర్‌గా నిలబడతానంటోంది. ఆవిడ కోసం తిరగాలని నాకుంది. 2015లో మేయర్‌కు జరిగింది గుర్తుచేసి మా అత్తగారు, మా ఆయన వద్దంటున్నారు. ఏం చేయమంటారు? – ఒక గృహిణి, చిత్తూరు

జవాబు: ముందు మీ అత్తగారి భయాన్ని తేలిగ్గా తీసేయకండి. చిత్తూరు 2012లో కార్పొరేషన్ అయింది, 2014లో తొలి ఎన్నిక, కఠారి అనురాధ తొలి మేయర్. 2015 నవంబరు 17న పట్టపగలు కార్పొరేషన్ ఆఫీసులో, తన చాంబర్లోనే ఆవిడను చంపారు. భర్త మోహన్‌ను కూడా. ఆ కేసులో ఐదుగురికి మరణశిక్ష పడేసరికి 2025 అక్టోబరు వచ్చింది. పదేళ్లు. ఆ రోజు చిత్తూరులో ఉన్నవాళ్లకి ఆ షట్టర్లు దింపిన బజారు ఇంకా కళ్ల ముందే ఉంటుంది. మా చెల్లెలిని గ్రీమ్స్‌పేటలో ఇచ్చాం, ఆ సాయంత్రం ఫోన్లో దాని గొంతు నేను మరిచిపోలేదు.

అయినా వెళ్లమనే అంటాను. ఎందుకంటే ఆ తర్వాత కూడా చిత్తూరు మేయర్ కుర్చీలో ఆడవాళ్లు కూర్చున్నారు. 2021లో అముద మేయర్ అయ్యారు. రిజర్వేషన్ ఉంది కాబట్టి పేరు ఆడవాళ్లదే ఉంటుంది. ఇంటింటికీ తిరిగేవాళ్లలో కూడా ఆడవాళ్లు లేకపోతే, ఆ పేరు వెనక ఎవరి మాట నడుస్తుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

తిరిగేటప్పుడు కొన్ని పాటించండి. ఒంటరిగా పోకండి, ఇద్దరు ముగ్గురు కలిసి పోండి, అందులో మీ వీధికే చెందిన ఒక పెద్దావిడ ఉండేట్టు చూసుకోండి. పెద్దావిడ ఉంటే తలుపులు తెరుచుకుంటాయి, పిచ్చి మాటలు తగ్గుతాయి. దీపాలు పెట్టే వేళకు ఇంటికి వచ్చేయండి. డబ్బు సంచి మీ చేతికి ఎవరిచ్చినా పట్టుకోవద్దు, "కాసేపు మీ ఇంట్లో పెట్టుకో అమ్మా" అన్నా సరే. ఎవరి ఇంట్లో ఏ ఫొటో ఉంది, ఎవరు ఎటు అన్న కబుర్లు ఇంకో ఇంట్లో చెప్పొద్దు. పోలింగు రోజు గుమ్మం దగ్గర గొడవ మొదలైతే సర్దిచెప్పడానికి ముందుకు దూకకండి, ఏజెంట్లు ఉంటారు, పోలీసులు ఉంటారు. మీ అత్తగారిని కూడా ఒక సాయంత్రం వెంట తీసుకుపోండి. మా అమ్మ అలాగే వచ్చింది, రెండో వీధికి వచ్చేసరికి నాకంటే ఎక్కువ మాట్లాడింది.

ప్రశ్న: మేము పనిచేసిన అభ్యర్థి ఓడిపోయాడు. వచ్చే ఐదేళ్లు మాకేం పని? గెలిచినవాళ్లు మమ్మల్ని చూస్తే మొహం తిప్పుకుంటారు. – జీవకోన, తిరుపతి

జవాబు: ఈ ప్రశ్నకే నేను ఈ శీర్షికకు ఒప్పుకున్నాను.

ఇండిపెండెంటు ఓడిపోవడం అంటే ఎలా ఉంటుందో పార్టీవాళ్లకి తెలియదు. పార్టీ అభ్యర్థి ఓడితే ఓదార్చడానికి ఆఫీసుంటుంది, టీ ఉంటుంది, వేరే డివిజన్‌లో గెలిచిన వాడి ఊరేగింపైనా ఉంటుంది. మాకు కౌంటింగ్ హాలు గేటు బయట ఆగిన ఒక ఆటో, అందులో డిపాజిట్ గురించి లెక్కలేసుకుంటున్న ఇరుగింటాయన. బ్యాలెట్ పేపర్ల ఎన్నిక కదా అది, కట్టలు కట్టి లెక్కపెడుతుంటే మా గుర్తు కట్ట ఎంత సన్నగా ఉందో దూరం నుంచే కనిపించిందట. ఇంటికొచ్చాక వాళ్లావిడ మాకందరికీ సంగటి, పప్పు వడ్డించింది. ఎవరం ఏం మాట్లాడలేదు.

మా దగ్గర మిగిలింది ఒక నోటు పుస్తకం. ఓట్లు అడగడానికి రాసుకున్నది. ఏ ఇంట్లో ఎన్ని ఓట్లు, ఎవరు మంచం మీద ఉన్నారు, ఎవరికి కళ్లు కనపడవు, ఎవరికి వీల్‌చైర్ కావాలి, ఎవరి పిల్లలు బెంగళూరులో ఉన్నారు, వాళ్ల ఫోన్ నంబరు ఏది. పోలింగు రోజు వాళ్లను బూతుకు తీసుకుపోవాలని రాసిన లిస్టు అది. దాన్ని పాత పేపర్లలో వేసేయబోతే నేనే తెచ్చి షాపులో పెట్టుకున్నాను.

అదే ఏడాది నవంబరులో వానలు వచ్చాయి. తిరుపతివాళ్లకి చెప్పక్కర్లేదు. కొండ మీది నీళ్లు కపిలతీర్థం మీదుగా ఎలా దూకాయో దేశమంతా ఫోన్లలో చూసింది. కింద మాకు వీధులు ఏరులయ్యాయి. కరెంటు లేదు. ఆ రాత్రి ఆ పుస్తకం తెరిచాం. మంచం మీద ఉన్న ముసలివాళ్ల ఇళ్లు ఏవో, కింది పోర్షన్‌లో ఎవరున్నారో అందులో ఉంది. మా కుర్రాళ్లు ముందు ఆ ఇళ్లకే పోయారు. ఒకావిడను కుర్చీతో సహా పై అంతస్తుకు చేర్చారు. ఆవిడ ఓటు మాకు వేయలేదని ఆవిడే చెప్పింది, కుర్చీలో కూర్చునే! బెంగళూరులో ఉన్న కొడుక్కి ఫోన్ చేసి "మీ అమ్మ బాగుంది" అని చెప్పగలిగాం.

ఆ మర్నాడు మా కార్పొరేటర్ వచ్చాడు. మార్చిలో మేం ఎవరికి వ్యతిరేకంగా తిరిగామో ఆయనే. మా దగ్గర లిస్టు ఉందని ఎవరో చెప్పారట. అడగడానికి ఆయనకు కష్టమైంది, ఇవ్వడానికి మా ఇరుగింటాయనకు ఇంకా కష్టమైంది. నేనే ఫొటోలు తీసి పంపాను. పాల ప్యాకెట్లు, నీళ్ల క్యాన్లు ఆ లిస్టు ప్రకారమే వెళ్లాయి. మొహం తిప్పుకోవడం అప్పటితో పోయింది. స్నేహం కుదిరిందని అనను, ఇప్పటికీ ఆయన మా ఇంట్లో కాఫీ తాగడు. కానీ కాలువ పూడిక సంగతి, వీధి దీపం సంగతి నేను ఫోన్ చేస్తే ఎత్తుతాడు. గంగమ్మ జాతరకు ముందు మా సందులో కాలువ తీయించాలని ఏటా ఏప్రిల్‌లో గుర్తుచేస్తాను. ఒక్కోసారి చేయిస్తాడు, ఒక్కోసారి జాతర అయ్యాక చేయిస్తాడు.

కాబట్టి జీవకోన తమ్ముడూ, మీ దగ్గర కూడా అలాంటి పుస్తకం ఉండే ఉంటుంది. పారేయకు. చనిపోయినవాళ్ల పేర్లు కొట్టేసి, కొత్తగా అద్దెకు వచ్చినవాళ్లను రాసి పెట్టు.

ప్రశ్న: వచ్చే కార్పొరేషన్ ఎన్నికకు ఇప్పటి నుంచే మేం చేయగలిగింది ఏమైనా ఉందా? – యువజన సంఘం సభ్యులు, తిరుపతి

జవాబు: ఉంది, విసుగు పుట్టించే పని. కార్పొరేషన్ ఓటర్ల జాబితా వేరే ఆకాశం నుంచి ఊడిపడదు, అసెంబ్లీ జాబితానే డివిజన్ల వారీగా విడగొడతారు. అక్కడ పేరు లేకపోతే ఇక్కడా ఉండదు. పద్దెనిమిది నిండినవాళ్లకి ఫారం 6, ఇల్లు మారినవాళ్లకి ఫారం 8. మన ఊళ్లో సగం గొడవ ఈ ఇల్లు మారడంతోనే, అద్దె పెరగ్గానే జనం ఒక డివిజన్ నుంచి ఇంకో డివిజన్‌కు పోతారు, ఓటు పాత వీధిలోనే ఉంటుంది. ముసాయిదా జాబితా వచ్చినప్పుడు ఒక్కో వీధికి ఇద్దరు కూర్చుని పేర్లు చదవండి. ఒక ఇంటి కుటుంబాన్ని రెండు డివిజన్లలో వేస్తే అప్పుడే అభ్యంతరం రాసివ్వండి, పోలింగు రోజు బూతు దగ్గర అరిస్తే ఎవరూ ఏం చేయలేరు. సాయంత్రాలు నా షాపు ఎనిమిదింటి దాకా తెరిచే ఉంటుంది. ఫారాలు నింపడానికి బల్ల కావాలంటే కటింగ్ టేబుల్ వాడుకోండి, పెళ్లిళ్ల సీజనులో మాత్రం రావొద్దు.