ఇంటికొస్తే మాట్లాడబుద్ధి కావడం లేదు

ప్రశ్న: నాకు 32 ఏళ్లు. జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) చేసి, హైదరాబాద్‌లో చాలా బ్రాంచీలున్న ఓ కార్పొరేట్ ఆస్పత్రిలో ఐసీయూ స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. మావారిది ప్రైవేటు ఉద్యోగం. బాబుకి ఐదేళ్లు. అత్తయ్య మా దగ్గరే ఉండి వాడిని చూసుకుంటారు. నైట్ డ్యూటీ దిగి ఇంటికొచ్చాక ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదు, ఏమడిగినా విసుగొస్తోంది. ‘ఆస్పత్రిలో అందరితో నవ్వుతూ మాట్లాడతావు, నీ విసుగంతా మాకేనా’ అంటున్నారు మావారు. అత్తయ్య పక్కింటివాళ్లతో ‘మా కోడలు పగలంతా పడుకునే ఉంటుంది’ అన్నారట. సెలవు రోజు కూడా బాబు నా దగ్గరికి రాడు. ‘నువ్వు పడుకో అమ్మా’ అని తలుపు దగ్గరకేసి వెళ్లిపోతాడు. రెండు నెలల క్రితం ఒక రాత్రి ముగ్గురు పేషెంట్లను నాకే ఇచ్చారు. ఒకరికి యాంటీబయాటిక్ గంట ఆలస్యమైంది. ఆయన కొడుకు అందరి ముందూ అరిచి వీడియో తీశాడు. ‘నా నిర్లక్ష్యం వల్లే జరిగింది, ఇకపై జరగదు’ అని సూపరింటెండెంట్ మేడమ్ నాతో రాయించుకున్నారు. ఇది ఇంట్లో చెప్పలేదు. మానేద్దామంటే ఫ్లాటు ఈఎంఐ ఉంది. ఫ్రెండ్ యూకే రమ్మంటోంది. నేను మంచి భార్యను, మంచి తల్లిని కాలేకపోతున్నానా?
– పేరు రాయవద్దు

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో ‘ఇది ఇంట్లో చెప్పలేదు’ అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. మీవారికి మీ విసుగు కనిపిస్తోంది, దాని వెనకున్న సంగతి తెలియదు. తెలియనప్పుడు ఎవరైనా తమకు తోచిన కారణం ఒకటి పెట్టుకుంటారు. ‘మేమంటే దీనికి లెక్కలేదు’ అని ఆయన అనుకున్నారు. ‘నేనే మంచిదాన్ని కాను’ అని మీరు అనుకున్నారు. ఆస్పత్రిలో మనుషులు చాలని ఒక రాత్రి చివరికి మీ ఇంట్లో మొగుడూ పెళ్లాల తగాదాగా తేలింది.

ఆ రాత్రి ఎలా గడిచి ఉంటుందో చూద్దాం. ఒక మంచం మీద వెంటిలేటర్ పేషెంటు. గొంతులో చేరే కఫాన్ని ట్యూబుతో లాగే సక్షన్ చేయాలి, గంటగంటకీ బీపీ, పల్స్, యూరిన్ అవుట్‌పుట్ చార్టులో ఎక్కించాలి. రెండో మంచం దగ్గర మందు ఎక్కించే ఇన్ఫ్యూజన్ పంపు అలారం మోగుతూ ఉంటుంది. ఇంతలో ఎమర్జెన్సీ నుంచి మూడో మనిషిని పైకి పంపుతారు. ఆయన వెనకే నలుగురు బంధువులు తలుపు దగ్గర నిలబడి ‘సిస్టర్, ఎట్లుంది సిస్టర్’ అంటుంటారు. మందు కావాలని ఇండెంట్ పెట్టినా ఫార్మసీ నుంచి పైకి రావాలి. ఇచ్చిన ప్రతి మందూ సిస్టమ్‌లో ఎంటర్ చేయాలి, ఎంట్రీ లేకపోతే ఇవ్వనట్టే లెక్క. ఎనిమిదికి డ్యూటీ అయిపోయినా తర్వాతి షిఫ్టు వాళ్లకు హ్యాండోవర్ ఇచ్చి బయటపడేసరికి తొమ్మిది దాటుతుంది. తెచ్చుకున్న టిఫిన్ బాక్సు తెరవకుండానే ఇంటికి తిరిగొచ్చే రోజులు ఎన్నో ఉండుంటాయి.

గంట ఆలస్యం ఏమంత పెద్ద విషయమని నేను అనను. ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకిన పేషెంటుకు మందు వేళకు పడటం ఎంత ముఖ్యమో మీకు నాకంటే బాగా తెలుసు. తెలుసు కాబట్టే అది మిమ్మల్ని ఇంతగా తొలిచేస్తోంది. కానీ వెంటిలేటర్ మీదున్న మనిషికి ఒక నర్సు, ఐసీయూలో మిగతావాళ్లకు ఇద్దరికి ఒకరు. నాణ్యత చూసి ఇచ్చే ఎన్ఏబీహెచ్ గుర్తింపు కోసం ఆస్పత్రులు చూపించాల్సిన లెక్క ఇది. ఆడిట్ జరిగే వారం డ్యూటీల పట్టిక (రోస్టర్) నిండుగా ఉంటుందని నర్సులు నవ్వుకుంటూ చెప్పుకుంటారు, ఆ నవ్వు ఎందుకో మీకు వివరించక్కర్లేదు. ఆ రాత్రి మీకిచ్చిన ముగ్గురూ ఈ లెక్కకు మించినవాళ్లే. మీరు కునుకు తీయలేదు, ఫోన్ చూస్తూ కూర్చోలేదు, ఇంకో మంచం దగ్గర ఉన్నారు. దాన్ని ‘నా నిర్లక్ష్యం’ అని మీ చేత్తోనే రాయించుకున్నారు. అలా రాసి వచ్చిన మనిషికి ఇంట్లో కబుర్లు చెప్పాలని ఎందుకు అనిపిస్తుంది?

మీవారన్న నవ్వు సంగతికి వద్దాం. పెద్ద ఆస్పత్రుల్లో నవ్వడం కూడా డ్యూటీలో భాగమే. డిశ్చార్జ్ రోజు చేతికిచ్చే ఫీడ్‌బ్యాక్ ఫారంలో నర్సు ఎలా మాట్లాడిందని అడుగుతారు. డాక్టరు రౌండ్స్‌కి వచ్చి వెళ్లిపోతారు. బిల్లింగ్ వాళ్లు కౌంటరు వెనక ఉంటారు. ఇన్సూరెన్స్ అప్రూవల్ సాయంత్రం దాకా రాకపోతే తిట్లు తినేది ఎదురుగా కనిపించే సిస్టరే. పన్నెండు గంటలు అవన్నీ పడి, నవ్వి, ఇంటి గడప దాటాక మొహం వాలిపోవడం వింతేం కాదు. ఆ అలసట తీరే చోటు అదొక్కటే కాబట్టి అక్కడే బయటపడుతోంది. ఇది మీవారికి తెలియాలి. అయితే ఆయన ఊహించుకోలేరు, మీరే చెప్పాలి.

ఎప్పుడు చెప్పాలన్నది కూడా ముఖ్యమే. నైట్ దిగిన రోజు ఈ మాట ఎత్తకండి. సెలవు రోజు సాయంత్రం ఇద్దరే కాస్త నడుస్తూ మాట్లాడుకోండి. ‘నీకేం తెలుసు నా కష్టం’ అని మొదలుపెడితే ఆయన తన ఆఫీసు కష్టం చెప్తారు, పోటీ మొదలవుతుంది. ఆ రాత్రి జరిగింది జరిగినట్టు, వీడియోతో సహా చెప్పండి. ‘నాకు పరిష్కారం వద్దు, వినండి చాలు’ అని ముందే అనండి. లేకపోతే పది నిమిషాల్లో ‘మానెయ్’ అనేస్తారు. చాలామంది మగవాళ్లకు అదే ఓదార్పు! ఆయన మాటల్లో ‘మాకేనా’ అన్నది నాకు కోపంకంటే బెంగలాగే వినిపించింది.

అత్తయ్యగారి మాట నొప్పించేదే, కాదనను. కానీ ఐదేళ్ల పిల్లాడి వెనక ఈ వయసులో పరిగెత్తుతున్న మనిషి ఆవిడ, ఆవిడకు వీక్లీ ఆఫ్ లేదు. పగటి నిద్ర అంటే జబ్బైనా అయి ఉండాలి, బద్ధకమైనా అయి ఉండాలి అనుకునే తరం. ఈ సంగతి ఆవిడకు మీరు కాదు, మీవారు చెప్పాలి. కొడుకు నోట వస్తే చాడీ అవ్వదు. నెల రోస్టర్ రాగానే నైట్లు ఎర్ర పెన్నుతో గుర్తుపెట్టి ఫ్రిజ్ మీద అంటించండి. నైట్ దిగిన రోజు పదిన్నర నుంచి నాలుగింటి దాకా మీ గది తలుపు ఎవరూ కొట్టకూడదు, కొరియర్ వచ్చినా సరే. దానికి బదులుగా మీ ఆఫుల్లో ఒకటి పూర్తిగా ఆవిడకు ఇచ్చేయండి. ఆ రోజు వంటింటి వైపు చూడక్కర్లేదని, కూతురింటికో గుడికో వెళ్లి రమ్మనండి.

బాబు విషయంలో మాత్రం మీరు పొరబడ్డారు. ‘నువ్వు పడుకో అమ్మా’ అని తలుపు వేసే పిల్లాడు మీకు దూరమవ్వలేదు. అమ్మను లేపకూడదని ఇంట్లో అందరూ చెప్పింది విని, తన వంతు కాపలా కాస్తున్నాడు. రోజంతా వాడితో ఉండలేకపోతున్నానన్న దిగులు పెట్టుకోకండి. నైట్ల రోజుల్లో సాయంత్రం పాలు మీరివ్వండి, డ్యూటీకి బయల్దేరేదాకా ఓ గంట వాడికి కేటాయించండి. సెలవు రోజు మీరే వెళ్లి వాడి పక్కన కూర్చోండి, వాడు వస్తాడని ఎదురు చూడొద్దు.

ఇక ఉద్యోగం. నైట్లు నడుస్తున్న వారంలో మానేయాలన్న నిర్ణయం తీసుకోకండి, ఆ వారంలో ఎవరికైనా మానేయాలనే అనిపిస్తుంది. ముందు డయాలసిస్, ఎండోస్కోపీ, డే కేర్, ఓపీ లాంటి చోటికి మార్చమని రాతపూర్వకంగా అడగండి. చాలా బ్రాంచీలున్న సంస్థలో పనిచేయడం వల్ల ఉన్న ఒక మేలు ఇదే, ఉద్యోగం వదలకుండా చోటు మారవచ్చు. ఐసీయూ నుంచి బయటికి రావడం నామోషీ అనుకునేవాళ్లు ఉంటారు, అనుకోనివ్వండి.

సర్కారు కొలువుకు మీరు ప్రయత్నించారో లేదో రాయలేదు. తెలంగాణలో వైద్య ఆరోగ్య సేవల నియామక బోర్డు 2024లో 2,050 స్టాఫ్ నర్సు పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చింది. పోటీ గట్టిగానే ఉంటుంది. అయినా తర్వాతి నోటిఫికేషన్ కోసం వయసు, రిజిస్ట్రేషన్ కాగితాలు ఇప్పుడే సరిచూసుకోండి. జీతం తేడా ఎలాగూ తెలిసిందే. సుప్రీంకోర్టు చెప్పడంతో కేంద్రం వేసిన కమిటీ, 200 పడకలు దాటిన ప్రైవేటు ఆస్పత్రుల్లో నర్సులకు సర్కారు నర్సులతో సమానంగా ఇవ్వాలని 2016లోనే సిఫార్సు చేసింది. సిఫార్సు కాబట్టి అమలు రాష్ట్రాలకు వదిలేశారు. కేరళలో నర్సులు సమ్మెకు దిగాక, 2018లో అక్కడి ప్రభుత్వం కనీస వేతనాలు పెంచింది. మన దగ్గర అంత కదలిక లేదు, అందుకే ప్రతి నర్సూ ఒంటరిగా మేనేజ్‌మెంట్ ముందు నిలబడాల్సి వస్తోంది.

యూకే మంచి దారే. కానీ అక్కడా పన్నెండు గంటల షిఫ్టులు మామూలే, పైగా బాబుని చూడటానికి అత్తయ్య ఉండరు. ఓఈటీ లేదా ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లిష్ పరీక్ష రాయాలి, ఆ తర్వాత అక్కడి నర్సింగ్ కౌన్సిల్ పెట్టే పరీక్షలు దాటాలి. నియామకానికి నర్సుల దగ్గర డబ్బు వసూలు చేయకూడదని అక్కడి ప్రభుత్వ నియమావళే చెబుతోంది. ఏ ఏజెంటైనా లక్షలు అడిగితే అక్కడితో ఫోన్ పెట్టేయండి. ఈ ఆలోచన పారిపోవడానికైతే కొన్నాళ్లు ఆగండి. ఇద్దరూ కూర్చుని లెక్క వేసుకుని వెళ్దామనుకుంటే చక్కగా వెళ్లండి.

ఇంకో సంగతి. ఆఫ్ రోజున కూడా నిద్ర పట్టకపోయినా, ఇంట్లో అలారం మోగినట్టు ఉలిక్కిపడుతున్నా, చచ్చిపోతే బాగుండునన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా 14416కి ఫోన్ చేయండి. అది టెలీ మానస్, ప్రభుత్వ ఉచిత సేవ, తెలుగులో మాట్లాడవచ్చు. ‘నేనే నర్సుని, నాకెందుకు’ అనుకోవద్దు.

చివరిగా, మీతో ‘నా నిర్లక్ష్యం’ అని రాయించుకున్న ఆ కాగితం. రెండు నెలలైనా దాన్ని అలా వదిలేయకండి. సూపరింటెండెంట్‌కి, హెచ్ఆర్‌కి ఒక మెయిల్ పెట్టండి. కోపం వద్దు, తేదీ, షిఫ్టు, మీకిచ్చిన పేషెంట్లు ఎందరు, వారిలో వెంటిలేటర్ మీద ఎవరున్నారు, ఇండెంట్ ఎన్ని గంటలకు పెట్టారు, మందు ఎప్పుడు వచ్చింది, ఇవి మాత్రమే. పేషెంట్ల పేర్లు రాయొద్దు. ‘నా వివరణకు ఇది కూడా జత చేయండి’ అని ఒక్క వాక్యం చాలు. ఇకముందు లెక్కకు మించి పేషెంట్లను ఇచ్చిన ప్రతిసారీ షిఫ్టు మొదట్లోనే ఇన్‌చార్జికి మెసేజ్ పెట్టండి. ఇంకెవరైనా మీదకొచ్చి బెదిరిస్తే సెక్యూరిటీని పిలిచి ఇన్సిడెంట్ రిపోర్టు రాయించండి. ఆస్పత్రి సిబ్బంది మీద దౌర్జన్యం చేస్తే మూడేళ్ల దాకా జైలుశిక్ష వేసే చట్టం ఉమ్మడి రాష్ట్రంలో 2008లోనే వచ్చింది. ఆ మెయిల్ డ్రాఫ్టు పంపే ముందు మీవారికి చూపించండి. ఇంగ్లిష్ సరిచేయమని ఇచ్చినా సరే, ఆయన అదంతా చదవాల్సి వస్తుంది.