టేపు చెరపకు అల్లుడూ

ఒరేయ్ చిన్నా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు వీడియో కెమెరాని కంప్యూటర్‌కి తగిలించే పాత ఫైర్‌వైర్ కార్డు ఒకటి, 2 టీబీల ఎక్స్‌టర్నల్ డ్రైవు ఒకటి కొన్నావట. బీరువాలో ఉన్న మినీ డీవీ వీడియో టేపులన్నీ శని, ఆదివారాల్లో కంప్యూటర్లోకి ఎక్కిస్తావట. మీ అపార్ట్‌మెంట్ వాళ్ల పెళ్లి టేపులు కూడా ఇమ్మని అడిగావట. వినగానే ఛాతీ పొంగింది. పాలకొల్లులో మావయ్య ఇరవయ్యేళ్లు చేసిన పని హైదరాబాద్‌లో అల్లుడు పట్టుకున్నాడంటే మాటలా! పడుకున్నాక మాత్రం రెండింటికి మెలకువ వచ్చింది, ఇక నిద్ర పట్టలేదు. ఫోన్లో చెబితే "సరే మావయ్యా, సరే మావయ్యా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నా.

వైర్ల సంగతి ముందు చెప్పేస్తా. కెమెరాకున్న యూఎస్‌బీ చూసి మురిసిపోకు, ఆ రోజుల్లో అది చాలా కెమెరాలకి ఫొటోల కోసం పెట్టింది. వీడియో ఉన్నది ఉన్నట్టు రావాలంటే డీవీ అని రాసుంటుందే, ఆ చిన్న 4 పిన్నుల రంధ్రంలోంచే రావాలి. సోనీ వాళ్లు దాన్నే ఐలింక్ అంటారు. ఒకవైపు ఫైర్‌వైర్, ఇంకోవైపు యూఎస్‌బీ ఉన్న వైరు ఆన్‌లైన్లో చవగ్గా దొరుకుతుంది, కొనకు. అది పని చెయ్యదు. కార్డు పెట్టాక కూడా కెమెరా కనిపించకపోతే విండోస్‌లో పాత 'లెగసీ' 1394 డ్రైవర్ వేసి చూడు, 1394 అంటే ఫైర్‌వైరే. నీకు నేను చెప్పాలా ఇదంతా, కంప్యూటర్లతోనే బతుకుతున్నావు.

కానీ ఇది మాత్రం చెప్పాలి. కెమెరా ఆపేసి వైరు పెట్టు. కంప్యూటర్ వైపు ఉండే 6 పిన్నుల ప్లగ్గులో కరెంటు కూడా వస్తుంది. తొందరలో తిరగేసి నొక్కావో, పోర్టు కాలిపోతుంది. కాలినట్టు పొగా రాదు, వాసనా రాదు. కెమెరా మామూలుగానే ఆడుతుంది, కంప్యూటర్‌కి మాత్రం ఇక కనిపించదు. క్యాప్చర్, అంటే టేపుని కంప్యూటర్లోకి ఎక్కించడం, బ్యాటరీ మీద చెయ్యకు, అడాప్టర్ పెట్టు.

డ్రైవుని యూఎస్‌బీలో పెట్టు, కెమెరాకి ఫైర్‌వైర్ వదిలెయ్. రెండిటినీ ఒకే ఫైర్‌వైర్ గొలుసులో కడితే ఒక్కోసారి కెమెరా మాయమవుతుంది, ఒక్కోసారి ఫ్రేములు ఎగిరిపోతాయి. డీవీకి కావలసింది సెకనుకి 3.6 ఎంబీలే, ఈ కాలం డ్రైవుకి అది లెక్కే కాదు. ఇబ్బంది వేగంతో కాదు, మధ్యలో నిద్రపోవడంతో. స్లీప్, స్క్రీన్‌సేవర్ అన్నీ ఆపెయ్. డ్రైవు వైరు పీకేముందు 'సేఫ్లీ రిమూవ్' నొక్కు.

ఇక అసలు సంగతి. ఇది మీ అత్తకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

2005 మాఘమాసం. నరసాపురం వైపు ఒక పల్లెలో పెళ్లి తీశాను. మొత్తం 4 టేపులు. అప్పుడే కొత్తగా 80 జీబీల ఎక్స్‌టర్నల్ డ్రైవు కొన్నాను. ఇంట్లో అందరికీ చూపించి, పసుపు కుంకుమ పెట్టి మరీ వాడటం మొదలెట్టాను. మొదటి టేపు పగలు కూర్చుని ముక్కలు ముక్కలుగా ఎక్కించాను. బాగానే వచ్చింది. రెండో టేపు రాత్రి పదకొండింటికి పెట్టి, ఎలాగూ గంట పడుతుంది కదా అని పక్కనే చాప వేసుకున్నాను. మూడు రోజుల నుంచీ నిద్ర లేదు, ముహూర్తాలు అలా ఉన్నాయి.

తెల్లవారుజామున లేచి చూస్తే టేపు చివరిదాకా తిరిగి ఆగి ఉంది. స్క్రీన్ మీద చిన్న పెట్టె, డిస్క్ నిండిపోయిందని. డ్రైవులో యాభై జీబీల పైనే ఖాళీ ఉంది. ఇదేదో పిచ్చి వాగుడు అనుకుని ఓకే నొక్కేశాను. ఫైలు తెరిచి మొదటి అర నిమిషం చూశాను. గౌరీ పూజ, రంగులు బాగున్నాయి, పెళ్లికూతురి మొహం మీద లైటు బాగా పడింది. మూసేశాను. ఆ రోజు సాయంత్రం ఇంకో పెళ్లి. కొత్త టేపులు కొనడం ఎందుకు దండగని, నా చేత్తోనే ఆ టేపు మీది లేబుల్ పీకేసి కెమెరాలో వేసుకున్నాను.

పది రోజుల తర్వాత ఎడిటింగ్‌కి కూర్చుంటే ఫైలు 18 నిమిషాల చిల్లరే ఉంది. పెళ్లికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టారు, మేనమామలు ఇద్దరూ వంగి బుట్ట పైకి లేపారు. అంతే. బుట్ట గాల్లోనే ఉంది. మండపం దాకా రాలేదు. జీలకర్ర బెల్లం లేదు, తాళి లేదు, తలంబ్రాలు లేవు.

కారణం తర్వాత తెలిసింది. ఆ డ్రైవు ఫ్యాట్32 అనే పాత పద్ధతిలో ఫార్మాట్ అయి వచ్చింది. దాంట్లో ఒక ఫైలు 4 జీబీలు దాటదు. డీవీ గంటకి 13 జీబీలు తింటుంది. లెక్క వేసుకో, 18 నిమిషాలు దాటగానే గోడ. డిస్క్ నిండలేదు, ఫైలు నిండింది.

పెళ్లికూతురి నాన్న వచ్చినప్పుడు నిజం చెప్పలేకపోయాను రా. టేపు కెమెరాలో నలిగిందన్నాను. ఆయన నన్ను తిట్టలేదు. "మెషీన్లు కదా బాబూ, ఏం చేస్తాం" అని నన్నే ఓదార్చాడు. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగి, "మా అమ్మ అక్షింతలు వేసింది, అదైనా ఉందా?" అని అడిగాడు. లేదన్నాను. డబ్బు మొత్తం తిరిగిచ్చేశాను. దాంతో తీరేదైతే నిన్న రాత్రి నిద్ర పట్టేదే.

కాబట్టి డ్రైవు చేతికి రాగానే, ఇంకా ఖాళీగా ఉండగానే, ఆ 4 జీబీల గోడ లేని ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో ఫార్మాట్ చెయ్. ఏ టేపు తీసినా కెమెరాలో వేసేముందు వెనక ఉన్న చిన్న బుడిపెని 'సేవ్' వైపు జరుపు. క్యాప్చర్ అయ్యాక ఫైలు నిడివి, టేపు నిడివి పక్కపక్కన రాసి చూసుకో. మొదలు కాదు, చివర చూడు, మధ్యలో నాలుగు చోట్ల చూడు. రెండో డ్రైవులో ఇంకో కాపీ పెట్టు. 2 టీబీలంటే 150 గంటల డీవీ పడుతుంది, చిన్నగా కుదించి ఎంపీ4 చేసి అసలుది పారెయ్యాల్సిన పని లేదు. టేపు మాత్రం ఎవరిదైనా సరే, భద్రంగా తిరిగిచ్చెయ్.

అన్నట్టు, మన గోదావరి వైపు నుంచి వచ్చిన టేపుల్ని వెలుతురులో తిప్పి చూడు. లోపల చుట్ట అంచు మీద తెల్లగా పిండి చల్లినట్టుంటే అది బూజు. అలాంటిది కెమెరాలో పెట్టకు. టేపుని చదివే హెడ్‌కి అంటుకుంటే తర్వాత పెట్టిన ప్రతి టేపుకీ అంటిస్తుంది.

ఇంకొకటి. బీరువా కింది అరలో 'బారసాల 2002' అని నా చేతిరాతతో ఒకటి ఉంటుంది. అది ఇప్పుడే ముట్టుకోకు. ఆ రోజు నా దగ్గర ఒక్క టేపే ఉంటే, గంట టేపులో గంటన్నర పట్టాలని ఎల్‌పీలో, అంటే టేపు మెల్లగా తిరిగే లాంగ్ ప్లేలో తీశాను. ఎల్‌పీలో తీసినవి చాలాసార్లు తీసిన కెమెరాలో తప్ప సరిగ్గా ఆడవు, గళ్లు గళ్లుగా వస్తాయి. నిన్ను ఉయ్యాల్లో వేసి మీ అమ్మమ్మ పాడింది అందులో ఉంది. ఆవిడ గొంతు మన దగ్గర ఇంకెక్కడా లేదు.

బారసాల తీసిన ఆ హ్యాండీక్యామ్ ఇంకా నా దగ్గరే ఉంది. బస్సు పార్సిల్లో వెయ్యను, అడక్కు. సంక్రాంతికి టేపు పట్టుకుని రా, ఇక్కడే ఇద్దరం కూర్చుని ఎక్కిద్దాం. నీ కార్డు ఉన్న కంప్యూటర్ కూడా కార్లో వేసుకురావాలి మరి. కెమెరా బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. అడాప్టర్ వైరు మొదట్లో తెగబోతే నల్ల టేపు చుట్టాను, దాన్ని కదపకుండా పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి. అది నేను చూసుకుంటా.

మీ మావయ్య