ఫ్రాన్స్ కోటల కోసం డిపాజిట్ తీసేయాలా?

ప్రశ్న: నాకు 63 ఏళ్లు. కాకినాడలో హిస్టరీ లెక్చరర్‌గా చేసి రిటైరయ్యాను. పెన్షన్ నెలకు 48 వేలు. సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీమ్‌లో 20 లక్షలు వేసి 14 నెలలైంది. ఇవి కాక ఎఫ్‌డీ 5 లక్షలు, సేవింగ్స్ ఖాతాలో 4 లక్షలు ఉన్నాయి. పాత సహోద్యోగులం కలిసి ఈ సెప్టెంబరులో ఫ్రాన్స్‌లో లువార్ నది ఒడ్డు కోటలు చూడాలనుకుంటున్నాం. ప్యాకేజీ మనిషికి 3.2 లక్షలు. మా దంపతుల కోసం స్కీమ్‌లోంచి 7 లక్షలు తీయవచ్చా?

జవాబు: తప్పకుండా వెళ్లండి మాస్టారూ, కానీ ఆ 20 లక్షల జోలికి పోకండి. అందులోంచి కావలసినంత తీసుకునే వీల్లేదు, ఖాతా మొత్తం మూసేయాల్సిందే. ఏడాది దాటి రెండేళ్లలోపు మూస్తే అసలులో 1.5 శాతం కోస్తారు. ఏడు లక్షల అవసరానికి 30 వేలు వదులుకున్నట్టు.

పైగా ఏజెంటు చెప్పిన 6.4 లక్షలతో పని అయిపోదు. దాని మీద 5 శాతం జీఎస్టీ, 32 వేలు. ఆపైన టీసీఎస్, అంటే టూర్ కంపెనీ మన దగ్గర ముందుగానే వసూలు చేసి ప్రభుత్వానికి కట్టే ఆదాయపన్ను. 2026 ఏప్రిల్ నుంచి ఇది 2 శాతమే కాబట్టి 13 వేల పైచిలుకు. ఫ్రాన్స్‌ వెళ్లడానికి కావలసిన షెంగెన్ వీసా ఫీజు మనిషికి 90 యూరోలు, సర్వీస్ ఛార్జీతో ఇద్దరికీ 20 వేలు దాటుతుంది. కనీసం 30 వేల యూరోల కవరేజీ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. మీ వయసుకు పాత జబ్బులు కూడా కవరయ్యే పాలసీ చూడండి, ప్రీమియం ఎక్కువైనా సరే. ఇన్సూరెన్స్‌కీ చేతి ఖర్చులకీ ఓ 75 వేలు వేసుకుంటే మొత్తం 7.8 లక్షలు.

ప్రయాణం వచ్చే ఏడాది మేకి జరపమని మీ వాళ్లను ఒప్పించండి. మీ స్కీమ్ వడ్డీ 8.2 శాతం లెక్కన మూడు నెలలకోసారి 41 వేలు, ఏడాదికి 1.64 లక్షలు. పెన్షన్‌లోంచి నెలకు 18 వేలు ఆర్‌డీ కడితే 2.16 లక్షలు. సేవింగ్స్‌లోని 4 లక్షలు కలిపితే సరిపోతుంది. ఎఫ్‌డీ మాత్రం ఆసుపత్రి ఖర్చులకని పక్కన పెట్టండి. దాని మీద లోన్ ఇస్తామంటారు, వద్దు. గ్రూపు ససేమిరా అంటే ఈసారికి వాళ్లను వెళ్లనివ్వండి, కోటలు ఎక్కడికీ పోవు.

ఇప్పుడు ప్యాకేజీ కాగితం చూడండి. మీరు హిస్టరీ మాస్టారు కాబట్టి ఇది గట్టిగా చెబుతున్నాను. ఇలాంటి కాగితాల్లో షాంబోర్ కోట పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది, పక్కనే చిన్నగా 'ఫొటో స్టాప్' అని. అంటే బస్సు దిగి, గేటు ముందు సెల్ఫీ తీసుకుని, మళ్లీ బస్సెక్కడం. 1519లో ఫ్రాన్స్ రాజు మొదటి ఫ్రాన్స్వా కట్టించడం మొదలుపెట్టిన కోట అది. ఒకదాన్నొకటి చుట్టుకుంటూ పైకి పోయే జంట మెట్లున్నాయి, ఒకరు ఎక్కుతూ ఇంకొకరు దిగుతూ ఉన్నా ఎదురుపడరు. అది చూడాలంటే లోపలికి వెళ్లాలి కదా! 2026 నుంచి యూరప్ బయటి దేశాల వాళ్లకు అక్కడ టికెట్ ధర పెంచారు కూడా. ఆ టికెట్ ప్యాకేజీలో ఉందో లేదో రాతపూర్వకంగా అడగండి. అయిదు కోటలు బయటి నుంచి చూసే బదులు షాంబోర్, షెర్ నది మీద వంతెనలా నిలిచిన షెనోన్సో, ఈ రెండే లోపల తిరిగి చూస్తే నా దృష్టిలో డబ్బుకు న్యాయం జరిగినట్టు. మోకాళ్ల నొప్పులుంటే రోజుకు ఒక కోటే పెట్టమనండి.

గ్రూపులో అందరి డబ్బూ ఒకరికి ఫోన్‌పే చేసి ఆయనతో కట్టించడం మామూలే. అలా చేస్తే టీసీఎస్ అంతా ఆయన పాన్ మీదే పడుతుంది. మీ వాటా మీ ఖాతా నుంచి కంపెనీ ఖాతాకే కట్టి, మీ పాన్‌తో బిల్లు తీసుకోండి. మీ ఆదాయానికి కొత్త ఆదాయపన్ను విధానంలో పన్ను పడదు కాబట్టి టీసీఎస్ మొత్తం వెనక్కి వస్తుంది. రిటర్న్ వేస్తేనే సుమా. వీసా రాకపోయినా, అనుకున్నంత మంది పోగవకపోయినా ఎంత తిరిగిస్తారో కాగితం మీద రాసివ్వకుండా అడ్వాన్స్ కట్టకండి.