చిన్నా, లావా కన్నా గాలితో జాగ్రత్త

ఒరేయ్ చిన్నా,

హవాయిలో కిలవేయా అగ్నిపర్వతం చూడ్డానికి వెళ్తున్నావని మీ అమ్మ చెప్పింది. సెలవులంటే తిరుపతి దాటని ఇంట్లోంచి నువ్వు అంత దూరం వెళ్తున్నావంటే గొప్పగానే ఉంది, దానికి రెట్టింపు టెన్షన్‌గానూ ఉంది.

2024 డిసెంబర్ 23న మొదలైన ఈ విస్ఫోటనం విడతలు విడతలుగా సాగుతోంది. ఒక్కో విడత చాలాసార్లు ఒక రోజులోపే అయిపోతుంది, మళ్లీ రోజులో వారాలో గ్యాప్. అందుకని టికెట్ కొనేముందు అమెరికా జియలాజికల్ సర్వే వాళ్ల సమాచారం చూసుకో. స్వెటర్ పెట్టుకో, పైన నాలుగు వేల అడుగుల ఎత్తు, రాత్రిళ్లు చలి. బూట్లు, టార్చి, నీళ్లు సరే.

అందరూ లావాకే భయపడతారు. అది కనిపిస్తుంది కాబట్టి తప్పుకోవచ్చు, అగ్నిపర్వతం వదిలే సల్ఫర్ డయాక్సైడ్ అనే ఘాటు వాయువు కనిపించదు కదరా! నీకు ఉబ్బసం వచ్చిన రాత్రుళ్లు భుజాన వేసుకుని వరండాలో తిరిగింది నేనే, అందుకే ఇంత గోల.

మీ మావయ్య సంగతి నీకెవరూ చెప్పి ఉండరు. మేం కాలిఫోర్నియాలో ఉన్నప్పుడు వెళ్లాం, అప్పట్లో లావా సముద్రంలో పడేది. తెల్లటి ఆవిరి మబ్బులా లేస్తుంటే ఈయన కెమెరా పట్టుకుని తాడు దాటేశాడు. నేను అరుస్తూనే ఉన్నా. ఆ తెలుపంతా ఉత్త ఆవిరి కాదు, ఉప్పునీళ్లు మరిగి పుట్టిన హైడ్రోక్లోరిక్ ఆమ్లం, అందులో గాజు నలుసులు. గాలి ఇటు తిరిగింది, అంతే, కళ్లు మంటలు, ఊపిరాడని దగ్గు. పైగా ఆయన నిలబడ్డది సముద్రం మీదికి కొత్తగా గడ్డకట్టిన అరుగు. కింద వదులు రాళ్లు, ఇసుక తప్ప ఆధారం ఉండదు, అలాంటివి ఎకరాలకెకరాలు ఉన్నట్టుండి కూలిపోతాయి. రేంజర్ వచ్చి తిడితే గానీ కదల్లేదు. ఫోటో మాత్రం బ్రహ్మాండంగా వచ్చింది, నాకు అదే ఒళ్లుమంట.

ఇప్పటి పొంగు శిఖరం మీది బిలంలోనే, సముద్రం గొడవ లేదు. కానీ గాలి అదే. పొగ ఎటు పోతోందో చూసుకుని దానికి ఎదురు వైపు నిలబడు. బంగారు రంగు వెంట్రుకల్లా గాజు పోగులు ఎగిరొచ్చి పడతాయి, అక్కడివాళ్లు వాళ్ల దేవత పెలే జుట్టు అంటారు. ముచ్చటగా ఉంటాయి గానీ ముట్టుకోకు, ఆ చేత్తో కళ్లు నలుపుకున్నావో అయిపోయావు. రాళ్లు ఏరుకుని తేకు, వాళ్లకది గుడి లాంటి చోటు.

కొన్ని విడతల్లో లావా మూడొందల మీటర్ల పైకి, అంటే నాగార్జునసాగర్ డ్యామ్‌కి రెట్టింపు కన్నా ఎత్తుకి ఎగిసింది. మేం అది చూడలేదు. కాబట్టి చూడరా, కళ్లారా చూడు.

ఇన్‌హేలర్ సూట్‌కేసులో కాదు, జేబులో. లావా ఎగిసినప్పుడు ఏ టైమైనా సరే నాకు వీడియో కాల్ చెయ్యి. మీ మావయ్యకి మాత్రం చెయ్యకు, తనకీ టికెట్ కొనమంటాడు.

మీ అత్తయ్య