కుదుపులు మొదలవగానే అందరి చూపూ ఎయిర్ హోస్టెస్ ముఖం వైపే

విమానం కుదుపులకు లోనైనప్పుడు లోపలున్న జనం నిజంగా ఎలా ఉంటారు, సినిమాల్లోలా కేకలు పెడతారా అని మీరు అడిగారు. వచ్చే నెల మొదటిసారి విమానం ఎక్కుతున్నానని, ఇప్పటి నుంచే టెన్షన్‌గా ఉందని కూడా రాశారు. అందుకే నేను చూసింది చూసినట్టు చెబుతాను. ఉద్యోగం పనిమీద 12 ఏళ్లుగా విమానాల్లో తిరుగుతున్నాను. చిన్నపాటి అదురు దాదాపు ప్రతి ప్రయాణంలోనూ ఉంటుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. గట్టి కుదుపులు మాత్రం మూడుసార్లు చూశాను. వాటిలో ఒకటి ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు గుర్తుంది.

అది రాత్రి విమానం. భోజనాలు అయిపోయి లైట్లు తగ్గించేశారు. సగం మంది నిద్రలో ఉన్నారు. ముందు గతుకుల రోడ్డు మీద బస్సులో వెళ్తున్నట్టు సన్నగా అదురు మొదలైంది. నా ట్రే మీద గ్లాసులో నీళ్లు వణుకుతున్నాయి. సీటు బెల్టు గుర్తు టింగుమని వెలిగింది. అది వెలిగిన రెండు మూడు క్షణాలకే, కూర్చున్న సీటును కింద నుంచి ఎవరో లాగేసినట్టయింది. గ్లాసు ట్రే గుంటలో అలాగే ఉంది, నీళ్లు మాత్రం ముద్దగా పైకి లేచి నా చొక్కా మీద పడ్డాయి.

కేక వినిపించింది. ఒక్కటే కేక, అందరి గొంతుల్లోంచీ ఒకేసారి. ఆ తర్వాత అంతా నిశ్శబ్దం. తలల మీద సామాన్ల అరలు కటకటలాడుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. మిగతా రెండుసార్లు కూడా ఇలాగే జరిగింది. మొదటి కుదుపుకు అరుస్తారు, రెండోదానికి ఊపిరి బిగబడతారు. ప్రాణాలు గుప్పెట్లో పెట్టుకోవడం అంటే ఏమిటో ఆ నిశ్శబ్దంలో తెలుస్తుంది.

ఆ తర్వాత ఎవరి తీరు వాళ్లది. కొందరు కళ్లు గట్టిగా మూసుకుని పెదాలు కదుపుతూ ప్రార్థన చేసుకుంటారు. కొందరు సీటు చేతులను పట్టుకుని ముందు సీటు వెనకవైపే చూస్తుంటారు. సిగ్నల్ లేదని తెలిసినా ఫోన్ తీసి ఇంట్లోవాళ్ల ఫొటో చూసుకుంటూ కూర్చున్నాయన నాకు పక్క వరసలోనే ఉన్నాడు. వెనక కుర్రాళ్లు కొందరు గట్టిగా నవ్వారు. అది వేళాకోళం కాదు, భయం అలా బయటికొస్తుంది. వాళ్లను తప్పుపట్టాలని నాకెప్పుడూ అనిపించలేదు.

నన్ను బాగా కదిలించింది ఒక నాలుగైదేళ్ల బాబు. రెండు వరసల ముందున్నాడు. మొదటి కుదుపుకు ఊయల ఎక్కినట్టు కిలకిలా నవ్వాడు. మరోసారి కావాలన్నట్టు వాళ్లమ్మ వైపు తిరిగాడు. ఆవిడ ముఖం చూశాడు. వాడి నవ్వు అలాగే ఆగిపోయి, పెదవి వంకర తిరిగి, ఏడుపు అందుకున్నాడు. పెద్దవాళ్లం కూడా అదే పని చేస్తాం, చూసే ముఖమే వేరు. సరిగ్గా ఆ సమయంలోనే క్యాబిన్‌లో తలలన్నీ ముందు వైపున్న ఎయిర్ హోస్టెస్ వైపు తిరిగి ఉన్నాయి. ఆమె తన మడత సీటులో బెల్టు బిగించుకుని, చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చుంది. మమ్మల్ని చూసి నెమ్మదిగా తల ఊపింది. అంతే. ఆ ఒక్క తల ఊపుతో నా చుట్టూ ఉన్నవాళ్ల భుజాలు కిందకి దిగడం చూశాను.

నా పక్క సీటులో ఒక పెద్దావిడ. మీలాగే మొదటి ప్రయాణం, కూతురి దగ్గరికి వెళ్తున్నారు. నా మణికట్టు పట్టేసుకుని, "పడిపోతున్నామా బాబూ?" అన్నారు. "ఏం కాదమ్మా" అన్నాను. ఆ మాటకు పట్టు ఇంకా బిగిసింది. భయపడుతున్న మనిషికి ఏం కాదు అంటే ఏదో దాస్తున్నట్టే ఉంటుంది. అందుకని నాకు తెలిసింది చెప్పాను. "ఇవి గాలిలో గతుకులమ్మా. పక్కపక్కనే గాలి వేరువేరు వేగాలతో వీస్తుంటే వాటి మధ్య నుంచి వెళ్తున్నాం. పైలట్ ఇప్పుడు వేగం కాస్త తగ్గించి, గాలి నెమ్మదిగా ఉన్న ఎత్తుకు మారడానికి చూస్తుంటాడు." ఆవిడకు ఎంత అర్థమైందో గానీ, వేళ్లు కొంచెం వదులయ్యాయి. తర్వాత కూతురి గురించి అడిగాను. కుదుపు వచ్చినప్పుడల్లా మాట ఆపి, పోగానే మళ్లీ అక్కడి నుంచే అందుకున్నారు.

అంతా కలిపి ఆరేడు నిమిషాలు. సర్దుకోగానే చెరువు గట్టు తెగినట్టు మాటలు. అప్పటిదాకా ముఖం చూసుకోనివాళ్లు చుట్టాల్లా మాట్లాడుకున్నారు. "వెయ్యి అడుగులు పడ్డాం" అని ఒకరంటే, "రెండు వేలు ఉంటుంది" అని మరొకరు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు, శరీరానికి అలాగే తెలుస్తుంది. మన చెవి లోపలి భాగం వేగంలో మార్పును పట్టుకుంటుంది గానీ ఎత్తును కొలవలేదు. 2024 మే నెలలో లండన్ నుంచి సింగపూర్ వెళ్తున్న విమానం తీవ్రమైన టర్బ్యులెన్స్‌లో, అంటే ఇలాంటి గాలి కుదుపుల్లో, చిక్కుకుని బ్యాంకాక్‌లో దిగింది గుర్తుందా? ఒక ప్రయాణికుడు చనిపోయాడు, చాలామంది గాయపడ్డారు. ఆరు వేల అడుగులు పడిపోయిందని అప్పట్లో ప్రచారం జరిగింది. దర్యాప్తులో తేలింది ఏమిటంటే, ఆ కుదుపులో విమానం దిగింది 178 అడుగులు, 5 సెకన్లు కూడా పట్టలేదు. మిగతా దిగడమంతా తర్వాత పైలట్లు అదుపులో దించినదే. కానీ ఆ కొద్ది సెకన్లలోనే బెల్టు లేనివాళ్లు గాలిలోకి లేచి, మళ్లీ కింద పడ్డారు.

నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇక్కడే ఉంది. భయపడాల్సింది విమానం విరిగిపోతుందని కాదు. 1995లో బోయింగ్ 777 రెక్కలను కావాలనే విరిగేదాకా వంచి పరీక్షించారు. ఎగిరేటప్పుడు రాగల గరిష్ఠ భారానికి ఒకటిన్నర రెట్లు దాటాకే అవి విరిగాయి, అప్పటికి రెక్కల చివరలు 24 అడుగుల దాకా పైకి వంగాయి. దెబ్బ తగిలేది మనుషులకు. అమెరికాలో 2009 నుంచి 2022 దాకా టర్బ్యులెన్స్ వల్ల 163 మంది తీవ్రంగా గాయపడితే, వాళ్లలో 129 మంది సిబ్బందే. మనం కూర్చుని ఉంటాం, వాళ్లు మన కోసం నడుస్తూ ఉంటారు.

ఆ రాత్రి మా విమానంలో దెబ్బ తగిలింది ఒక్కరికే. బాత్రూమ్ నుంచి వస్తూ నడవలో ఉన్నాడు. సీటు చేతికి కొట్టుకుని కనుబొమ్మ చీలింది. అతని తప్పేమీ లేదు, లేచినప్పుడు గుర్తు వెలగలేదు. నాకు కోపం వచ్చింది ఇంకొకాయన మీద. అంత జరిగాక, గుర్తు వెలుగుతుండగానే, పైనున్న బ్యాగు చూసుకోవడానికి లేచి నిలబడ్డాడు. ఎయిర్ హోస్టెస్ "కూర్చోండి!" అని అరవాల్సి వచ్చింది. ఆ బ్యాగు జారితే పడేది కింద కూర్చున్న పిల్లల మీదే.

మీ విషయానికొస్తే, సీటు ఎంచుకునే వీలుంటే రెక్కల దగ్గర తీసుకోండి, తోక వైపు కుదుపు ఎక్కువ తెలుస్తుంది. ఎండకు నేల వేడెక్కిన మధ్యాహ్నం కంటే ఉదయం ప్రయాణాలు సాధారణంగా నెమ్మదిగా సాగుతాయి. ఎక్కేటప్పుడే "ఇది నా మొదటి ప్రయాణం" అని సిబ్బందితో చెప్పండి, వాళ్లు మిమ్మల్ని గుర్తుపెట్టుకుని ఒకసారి వచ్చి పలకరిస్తారు. గుర్తు ఆరిపోయినా, నిద్రపోతున్నా బెల్టు తీయకండి. మబ్బు లేని చోట కూడా టర్బ్యులెన్స్ వస్తుంది. విమానంలోని రాడార్ నీటి చుక్కలను చూస్తుంది గానీ ఉత్త గాలిని చూడలేదు, అందుకే ముందుగా హెచ్చరించే వీలు ఒక్కోసారి పైలట్‌కు కూడా ఉండదు.

విమానం దిగాక, అందరూ బ్యాగులు అందుకుంటుంటే, ఆ పెద్దావిడ మాత్రం ఇంకా బెల్టు పెట్టుకునే కూర్చున్నారు. విప్పడం ఎలాగో చూపించాను. ఆ బకిల్‌ను చేత్తో ఒకసారి తడిమి, "తిరుగు విమానంలో కూడా ఇలాంటిదే ఉంటుందా బాబూ?" అని అడిగారు. ఉంటుందమ్మా అన్నాను.