ఫుట్‌బాల్‌కు ఎత్తు ఎంత అవసరం? ఎత్తు చూసి ఎంపికైన ఒక స్టాపర్ జవాబు

పదమూడేళ్ల మీ అబ్బాయి బాగా ఆడుతున్నా, తోటివారికంటే పొట్టిగా, సన్నగా ఉన్నాడన్న కారణంతో సెలక్షన్స్‌లో పక్కన పెట్టారనీ, ఫుట్‌బాల్‌కు ఎత్తూ ఒళ్లూ నిజంగా అంత ముఖ్యమా అనీ అడిగారు. ఇటువంటి ప్రశ్నకు సాధారణంగా పొట్టివారే ఆవేశంగా జవాబిస్తుంటారు కనుక, నేను అవతలి పక్షం నుంచి చెబుతాను. నా ఎత్తు ఆరడుగులకు ఒక అంగుళం తక్కువ. కళాశాల జట్టులో నన్ను స్టాపర్‌గా, అంటే గోల్ ముందు నిలబడి ప్రత్యర్థుల దాడిని ఆపే ఆటగాడిగా, తీసుకున్నది ఆ ఎత్తును చూసే. గోల్‌కీపర్ స్థానాన్ని మినహాయిస్తే, ఈ ఆటలో ఎత్తుకు మనవాళ్లు ఇచ్చే విలువలో సగానికి పైగా దండగ అని నా గట్టి అభిప్రాయం.

ఆ అభిప్రాయం సికింద్రాబాద్‌లో ఆడిన ఒక కళాశాలల పోటీలో ఏర్పడింది. గోల్స్ కొట్టడానికి ముందు వరుసలో ఆడే ప్రత్యర్థి జట్టు సెంటర్ ఫార్వర్డ్ నా భుజం దాకా కూడా రాడు. ముందు రోజు కురిసిన వానకు మైదానమంతా చిత్తడిగా ఉంది. బంతి తన వైపు వస్తున్నదని తెలియగానే అతడు ఒక అడుగు వెనక్కి వేసి, వీపును నా పొట్టకు ఆనించి, మోకాళ్లు వంచి నిలబడేవాడు. నా బలమంతా అతని భుజాల మీద పడేది, అతని బలం నడుము కిందే ఉండేది, అందువల్ల ఎంత నెట్టినా కదిలేవాడు కాదు. బంతి కోసం నేను కాలు చాపిన మరుక్షణమే, నేను మోపిన బరువునే ఆసరా చేసుకుని పక్కకు తిరిగిపోయేవాడు. ఆ బురదలో నేను నిలదొక్కుకుని వెనక్కి తిరిగేసరికి అతడు రెండు అడుగులు ముందుండేవాడు. రిఫరీ కూడా పొడవాటివాడు పొట్టివాణ్ణి తాకితే ఫౌల్ అనీ, పొట్టివాడు మోచేత్తో పొడిస్తే ఆట అనీ నమ్మే రకం. అది వేరే బాధ.

విరామం తరువాత వాళ్లకు కార్నర్, అంటే మైదానం మూల నుంచి బంతిని కొట్టే అవకాశం, దొరికింది. గాలిలో వచ్చే బంతి కనుక, లెక్క ప్రకారం అది నాది కావాలి. నేను బంతినే చూస్తూ, నిలబడ్డ చోటి నుంచే ఎగరబోయాను. అతడు నా వెనక నుంచి దగ్గరి గోల్ స్తంభం వైపు దూసుకువచ్చి, ఆ పరుగు ఊపుతోనే నాకంటే ముందు గాలిలోకి లేచి, బంతిని తలతో గోల్‌లోకి మళ్లించాడు. మేము ఆ ఒక్క గోల్‌తోనే ఓడిపోయాము. మా కోచ్ ఆ తరువాత నా ఎత్తు ఊసే ఎత్తలేదు; బంతి కాలు దాటకముందే ఆ కుర్రవాడు ఎక్కడికి రావాలో నిర్ణయించుకున్నాడనీ, నేను మాత్రం బంతి సగం దూరం వచ్చాక మేలుకున్నాననీ అన్నాడు.

ఇది కళాశాలల స్థాయి ముచ్చట అని కొట్టిపారేయవద్దు. 2009లో రోమ్‌లో జరిగిన ఛాంపియన్స్ లీగ్ ఫైనల్‌లో మాంచెస్టర్ యునైటెడ్ మీద బార్సిలోనా రెండవ గోల్‌ను 170 సెంటీమీటర్ల మెస్సీ తలతోనే కొట్టాడు. గోల్‌లో ఉన్నది 197 సెంటీమీటర్ల వాన్ డెర్ సార్, అడ్డుకోవలసిన స్థానంలో ఉన్నది పొడగరి స్టాపర్ ఫెర్డినాండ్. సహచరుడు షావీ బంతిని వేసే సమయానికి మెస్సీ ఫెర్డినాండ్ వెనక ఖాళీలోకి జారుకున్నాడు, అంతే. సికింద్రాబాద్‌లోనే పుట్టిన మన సునీల్ ఛెత్రీ ఎత్తు కూడా దాదాపు అంతే; అయినా తలతో గోల్స్ కొట్టడంలో అతనికి పెట్టింది పేరు. స్టాపర్లకైతే ఎత్తు తప్పనిసరి అనేవారికి నేను ఫాబియో కన్నవారోను చూపిస్తాను. సుమారు 176 సెంటీమీటర్ల ఆ మనిషి 2006లో ఇటలీకి కెప్టెన్‌గా ప్రపంచ కప్ గెలిచి, అదే ఏడాది ఉత్తమ ఆటగాడికిచ్చే బాలన్ డి'ఓర్ పురస్కారం కూడా అందుకున్నాడు.

గోల్‌కీపర్ సంగతి వేరని ముందే అన్నాను. 7.32 మీటర్ల వెడల్పు, 2.44 మీటర్ల ఎత్తు ఉన్న చట్రాన్ని కాపాడేవాడికి చేతుల పొడవు కావాలి. మెక్సికోకు ఆడిన 168 సెంటీమీటర్ల హోర్హే కాంపోస్‌ను ఉదాహరణగా చూపేవారు ఎప్పుడూ అతనొక్కడినే చూపడంలోనే సమాధానం ఉంది. 1962 ఆసియా క్రీడల ఫైనల్‌లో దక్షిణ కొరియాపై భారత్ 2-1 తేడాతో గెలిచినప్పుడు గోల్‌లో నిలిచిన పీటర్ తంగరాజ్ హైదరాబాద్‌లో పుట్టినవాడే, మంచి పొడగరి. ఆ జట్టు కోచ్, హైదరాబాద్‌కే చెందిన సయ్యద్ అబ్దుల్ రహీమ్‌కు ఎత్తు ఎక్కడ పనికివస్తుందో తెలుసు.

అసలు అన్యాయం పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లల దగ్గర జరుగుతున్నది. ఆ వయసులో ఒకడికి మీసం మొలుస్తుంది, ఇంకొకడి గొంతు కూడా మారదు. జనవరిలో పుట్టినవాడినీ డిసెంబరులో పుట్టినవాడినీ ఒకే జట్టు కోసం ఒకే వరుసలో నిలబెట్టి, ముందుగా ఎదిగినవాడిని ప్రతిభావంతుడు అంటున్నారు. దీనికి తోడు, వయసు తగ్గించి రాయించిన ధ్రువపత్రాలు మన పోటీలలో కొత్తేమీ కాదు. మణికట్టు ఎముకలకు ఎక్స్‌రే తీసి వయసు అంచనా వేయవలసి వస్తున్నదంటే పరిస్థితి ఎలా ఉందో మీరే ఊహించుకోవచ్చు. మీ అబ్బాయిని తోసిపుచ్చి తీసుకున్న ఆ "బలమైన" పిల్లలలో నిజంగా పద్నాలుగేళ్లు నిండనివారు ఎందరో నాకు అనుమానమే. ఈ పొరపాటు బయటి దేశాలలోనూ జరుగుతుంది. గ్రీజ్‌మన్‌ను చిన్నగా ఉన్నాడని ఫ్రెంచ్ క్లబ్బులు వద్దంటే, స్పెయిన్‌లోని రియల్ సోసియెదాద్ చేరదీసింది. 2018లో ప్రపంచ కప్ గెలిచిన ఫ్రాన్స్ జట్టులో అతడు ఒక ముఖ్యుడు. జేమీ వార్డీని పొట్టివాడని పదహారేళ్ల ప్రాయంలో ఒక క్లబ్ వదిలేస్తే, ఆ తరువాతే అతడు ఎత్తు పెరిగి, 2016లో లెస్టర్ సిటీతో ఇంగ్లండ్ లీగ్ గెలిచాడు.

ఎత్తు పెంచుతామని అమ్మే పొడుల జోలికి మాత్రం దయచేసి వెళ్లవద్దు. మెస్సీకి చిన్నతనంలో ఇంజెక్షన్లు ఇచ్చింది వైద్యులు నిర్ధారించిన గ్రోత్ హార్మోన్ లోపానికి; ఎదుగుదల కొంచెం ఆలస్యమైన పిల్లవాడితో దానికి పోలిక లేదు. మీ అబ్బాయి ఎదుగుదల గురించి నిజంగా ఆందోళన ఉంటే పిల్లల వైద్యుడికి చూపించండి. మైదానంలో అతని చేత చేయించవలసినది మోకాళ్లు వంచి బంతిని కాచుకోవడం, రెండు కాళ్లతోనూ పాస్ ఇవ్వడం, బంతి అందక ముందే భుజం మీదుగా వెనక్కి ఒకసారి చూడడం. అతడు ఏ స్థానంలో ఆడతాడో మీరు రాయలేదు. గోల్‌కీపర్ అయితే, మరో రెండు మూడేళ్లు ఎదుగుదల చూసేదాకా మిడ్‌ఫీల్డ్‌లో కూడా ఆడించమని కోచ్‌ను అడగండి; మరే స్థానమైనా సరే, వచ్చే ఏడాది సెలక్షన్స్‌కు మళ్లీ పంపించండి.