మేస్త్రీని అడగండి: రెండు ఫర్లాంగుల పందెం

కిందటి నెల ఇదే పేజీలో ఫియట్ కార్బరేటర్ గురించి రాస్తూ మాటవరసకి "మా కుర్రతనంలో నెల్లిమర్ల రోడ్డు మీద పందేలు వేసేవాళ్లం" అన్నాను, అంతే, ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం దాని గురించే ఉన్నాయి. కాబట్టి మైలేజీ రావట్లేదన్నవాళ్లు, బండి పొగ కక్కుతోందన్నవాళ్లు ఈసారికి ఏమీ అనుకోకండి, మీవి వచ్చే నెల చూద్దాం.

*

ప్రశ్న: మేస్త్రీగారూ, మా నాన్నగారి పాత ఆల్బంలో 1980ల నాటి ఫొటో ఒకటి దొరికింది. తెల్ల ఫియట్, వెనక చక్రాలు రెండూ మడ్‌గార్డు దాటి బయటికి పొడుచుకొచ్చి వెడల్పుగా ఉన్నాయి, ముందువి మాత్రం మామూలువే. నాన్నగారు ఇప్పుడు లేరు, ఇంట్లో అడుగుదామంటే ఎవరికీ తెలీదు. అవి కంపెనీ చక్రాలా, ఫారిన్‌వా? అలా ఎందుకు వేసేవారు? (బొబ్బిలి నుంచి ఒక పాఠకుడు)

జవాబు: కంపెనీవీ కావు ఫారిన్‌వీ కావు నాయనా, అవి వెల్డింగ్ షాపులో పుట్టినవి. మీ ఉత్తరం చదివి నేను చాలాసేపు నవ్వుకున్నాను, ఎందుకంటే అలాంటివి నేనూ చేయించాను. అప్పట్లో మనవైపు అల్లాయ్ వీల్ అంటే ఎవరో ఓడ మీద పనిచేసినాయన తెచ్చిన పుస్తకంలో చూడ్డమే తప్ప కొనే దిక్కు లేదు, అందుకని వెడల్పు చక్రం కావాలంటే ఒకటే దారి. పాత ఇనప రిమ్ములు రెండు కొని తెచ్చి, ఒక్కోదాన్నీ చుట్టూతా రెండు ముక్కలుగా కోయించి, మధ్యలో రెండంగుళాల ఇనప పట్టీ గుండ్రంగా వంచి పెట్టి, లోపలా బయటా వెల్డింగ్ కొట్టించి, లేత్ మీద ఎక్కించి తిప్పుతూ వంకర ఎక్కడుందో సుద్దముక్కతో గుర్తు పెట్టుకుని సుత్తితో సరిచేసుకోవాలి. ఆ పట్టీ వంచడానికి నేను మెకానిక్కుల దగ్గరికి వెళ్లలేదు, ఎడ్లబండి చక్రాలకి ఇనప కట్టు వేసే కమ్మరి దగ్గరికి వెళ్లాను, ఆయన టేపు పెట్టకుండా కంటితోనే గుండ్రం చూసేవాడు. వెల్డింగ్‌లో సన్నటి కన్నాలున్నా ఫర్వాలేదు, లోపల ట్యూబు ఉండేది కాబట్టి గాలి ఆగేది, ఇప్పుడు ట్యూబ్‌లెస్ టైరుకి అదే పని చేస్తే తెల్లారేసరికి బండి ఒక పక్కకి కూలబడిపోతుంది.

వెనకవే ఎందుకు అంటారా, ఫియట్‌కి ఇంజను ముందున్నా లాగేవి వెనక చక్రాలు. ఎడ్లు ఒక్కసారి ముందుకి ఉరికితే బండిలో వెనక కూర్చున్నవాడు వెల్లకిలా పడతాడు చూడండి, కారుకీ అంతే, ఠక్కున క్లచ్ వదిలితే బరువంతా వెనక్కి వాలుతుంది, ఆ బరువు పడే చక్రాలకి రోడ్డు పట్టు ఎక్కువుంటే అవి ఉన్నచోటే గిర్రున తిరక్కుండా బండి దూకుతుంది అని లెక్క. లెక్క కరెక్టే, కానీ అది మన బండికి సరిపడే లెక్క కాదు అని నాకు 1986లో సంక్రాంతి వెళ్లిన వారం తెలిసొచ్చింది.

చెప్తాను. నా ఫియట్, నాది అంటే ముప్పావు వంతు మా బావది, సెకండ్‌హ్యాండుది, 1089 సీసీ, మహా అయితే నలభై గుర్రాల బలం. దానికి వెనక ఈ వెడల్పు వీల్స్, వాటి మీద రీట్రెడ్ చేయించిన లావు టైర్లు, పైన మళ్లీ మెరిసే వీల్ కప్పులు ఎక్కించాను, పొద్దున్నే కిరసనాయిలు గుడ్డతో తుడిచి తళతళలాడించి తీసుకెళ్లాను. అవతల నిలబడింది రైల్వే స్టేషన్ దగ్గర టాక్సీ తోలే ఒకాయన ఫియట్, సన్నటి చక్రాలు, డోరు మూస్తే మళ్లీ తెరుచుకునే బండి. ఆయన దిగి డిక్కీ తీసి స్టెప్నీ, జాకీ, పానాల సంచీ అన్నీ కింద చింతచెట్టు మొదట్లో పెట్టేసి, వెనక సీటు కూడా ఊడబీకి దాని మీద ఇద్దరు పిల్లల్ని కూర్చోబెట్టాడు, మేం ఒకటే నవ్వు. పందెం డబ్బులకి కాదండోయ్, ఓడినవాడు అక్కడున్న అందరికీ పూరీ, టీ ఇప్పించాలి. ఒకడు రోడ్డు మధ్య నిలబడి ఎర్ర తువ్వాలు పైకెత్తాడు, కిందకి విసిరాడు.

నేను బాగానే వదిలాను క్లచ్. కానీ ఆ వారం రైతులు రోడ్డు మీద ఉలవలు పరిచారు, బస్సులూ లారీలూ తొక్కితే నూర్పిడి అయిపోతుందని మనవైపు అలవాటే కదా, నా ఎడం చక్రం సరిగ్గా ఉలవపొట్టు మీద పడి గిర్రున తిరిగింది, తీరా పట్టు దొరికాక చూస్తే ఇంజను మూలుగుతోంది తప్ప బండి కదలదే! టైరు లావైతే ఎత్తు కూడా పెరుగుతుంది, ఎత్తు పెరిగితే ఒక చుట్టుకి ఎక్కువ దూరం వెళ్లాలి, అంటే ఫస్టు గేరులో ఉన్నా సగం సెకండులో ఉన్నట్టే, పైగా రెండు చక్రాలకీ కలిపి ఎంత ఇనుము ఎక్కించానో. మామూలు బరువు వేరు, తిరిగే బరువు వేరు, తిరిగేదాన్ని ముందుకి తోయాలి, తిప్పాలి కూడా. ఆయనేమో హ్యాండ్ గేరు టకామని సెకండుకి లాగి వెళ్లిపోయాడు. నేను ఇంకా వెంటపడుతుంటే వెనక నుంచి ఖంగుమని శబ్దం, వీల్ కప్పు ఒకటి ఊడి రోడ్డు మీద దొర్లుకుంటూ నన్ను దాటి గోగుచేలో పడింది. వెల్డింగ్ చేసినతను, ఏ షాపన్నది వద్దులెండి, ఒక రిమ్ము వంకరగా అతికాడు, ఆ ఊపుకి ఊడిపోయింది. కారుకంటే కప్పే ముందెళ్లిందని మావాళ్లు ఇప్పటికీ అంటారు.

పదిహేను మందికి పూరీలు. ఆ టాక్సీ ఆయన నాకు చెప్పింది ఒకటే మాట, "బండికి తగిలించడం కాదు బాబూ, తీసెయ్యడం నేర్చుకో". మీ నాన్నగారి ఫొటోలో చక్రాలు మాత్రం బాగున్నాయి, చూస్తే పనితనం తెలుస్తోంది. గెలిచాడో లేదో నాకు తెలీదు గానీ ఫొటో దిగాడంటే సంబరపడ్డాడనే.

*

ప్రశ్న: సార్, మా చిన్నాన్నది యమహా ఆర్ఎక్స్ 100 బైకు ఉంది, ఇప్పటికీ సిగ్నల్ దగ్గర 150 సీసీ బళ్లని కూడా మొదట్లో దాటేస్తుంది. 100 సీసీకి అంత పికప్ ఎలా? (ఇంజినీరింగ్ విద్యార్థి, శ్రీకాకుళం)

జవాబు: టూ స్ట్రోక్ బాబూ. ఫోర్ స్ట్రోక్‌లో క్రాంకు, అంటే ఇంజను లోపల తిరిగే ఇరుసు, రెండు చుట్లు తిరిగితే ఒకసారి మంట, టూ స్ట్రోక్‌లో ప్రతి చుట్టుకీ మంట. 1985లో రెండూ ఇంచుమించు ఒకేసారి వచ్చాయి, హీరో హోండా సీడీ 100 ఏమో 97 సీసీ, ఏడు గుర్రాల బలం దరిదాపుల్లో, ఆర్ఎక్స్ ఏమో 98 సీసీ, 11 గుర్రాలు, బండి బరువు చూస్తే వంద కేజీల చిల్లర. అదీ మాయ. సీడీ కొన్న మాస్టార్లు పెట్రోలు మిగుల్చుకున్నారు, ఆర్ఎక్స్ కొన్న కుర్రాళ్లు ప్లగ్గులు మార్చుకున్నారు. చైను ఎక్కే ముందు పళ్ల చక్రం, అదే స్ప్రాకెట్టు, దానికి ఒక పన్ను తగ్గిస్తే ఇంకా దూకేది, టాప్ స్పీడు పోయేదనుకోండి, ఏడురోడ్ల జంక్షన్‌లో టాప్ స్పీడుతో మనకేం పని. బుల్లెట్ 350 వాళ్లు మొదటి ఫర్లాంగు దాకా పొగలోనే ఉండేవారు. అసలు రాజు రాజ్‌దూత్ 350, రెండు సిలిండర్లు, 30 గుర్రాలు, 1983లో వచ్చింది, కానీ అది తాగే పెట్రోలు చూసి కొన్నవాడు కూడా తోలేవాడు కాదు. 1996లో పొగ రూల్సు గట్టిపడ్డాక ఆర్ఎక్స్ 100 ఆపేశారు. చిన్నాన్నకి చెప్పు, అమ్మొద్దని.

*

ప్రశ్న: మా అమ్మాయి అమెరికాలో ఉంటుంది. అల్లుడు అక్కడ పాత సామాన్ల సంతలో అయిదు పుల్లలున్న మెరిసే కారు చక్రం ఒకటి చూసి ఫొటో పంపాడు, దాన్ని 'మ్యాగ్' అంటారట, డ్రాగ్ రేసుల కాలం నాటిదట. కొని మా ఫియట్‌కి వేద్దామా అని అడుగుతున్నాడు. ఆ డ్రాగ్ రేసు అంటే ఏమిటో కాస్త చెప్తారా? (రిటైర్డు ఉపాధ్యాయుడు, చీపురుపల్లి)

జవాబు: మాస్టారూ, పేరు వాళ్లది గానీ ఆట మనదీను. వంపులు లేని రోడ్డు మీద రెండు బళ్లు పక్కపక్కన నిలబడి కదలకుండా ఉన్న స్థితి నుంచి ఎవరు ముందు గీత దాటితే వాళ్లది గెలుపు. దూరం పావు మైలు, 402 మీటర్లు. ఇక్కడ మీకు ఒక తమాషా చెప్పాలి, మేం నెల్లిమర్ల దారిలో పెట్టుకున్న పందెం రెండు పాత ఫర్లాంగు రాళ్ల లెక్క, ఫర్లాంగు అంటే మైల్లో ఎనిమిదో వంతు కదా, రెండు కలిపితే ఎంతో మీకు నేను చెప్పాలా! ఎవరూ నేర్పకుండానే సరిగ్గా వాళ్ల కొలతే పెట్టుకున్నాం, ఇది నాకు యాభై దాటాక ఒక పుస్తకం చూస్తే తెలిసింది, ఆ రోజు నిద్రపట్టలేదు.

అక్కడ మొదలుపెట్టింది కూడా మనలాంటి షెడ్డు కుర్రాళ్లే, కాలిఫోర్నియాలో ఎండిపోయిన చెరువు బయళ్లలో, యుద్ధం అయ్యాక ఖాళీ పడ్డ విమానాల రన్‌వేల మీద. 1950లో శాంటా అనా అనే చోట రన్‌వే మీద టిక్కెట్టు పెట్టి పందేలు మొదలయ్యాయి, 1951లో వాలీ పార్క్స్ అనే ఆయన రోడ్ల మీద చావులు ఆపాలని ఎన్‌హెచ్ఆర్ఏ అనే సంఘం పెట్టాడు. మొదట్లో వాళ్లకీ జెండా ఊపేవాడే దిక్కు, 1963 నుంచి రంగు లైట్ల స్తంభం వచ్చింది, దాన్ని క్రిస్మస్ చెట్టు అంటారు. మా తువ్వాలుకి అంత భాగ్యం పట్టలేదు. మన దగ్గర మద్రాసు అవతల షోలవరంలో పాత రన్‌వే మీద రేసులు జరిగేవి, అవి చుట్టు తిరిగే రేసులు, నేను ఒక్కసారే మెయిలెక్కి వెళ్లి చూశాను, అక్కడి ఫియట్ల రొద చెవుల్లోంచి విజయనగరం వచ్చాక కూడా పోలేదు.

ఇక చక్రం సంగతి. మెగ్నీషియంతో పోత పోసేవారు కాబట్టి మ్యాగ్. ఇనుము కంటే చాలా తేలిక, టాక్సీ ఆయన చెప్పిన 'తీసెయ్యడం' అన్నమాట! కాకపోతే అది తేమకి తినేస్తుంది, అంటుకుంటే ఆర్పడం కష్టం, అందుకని అల్యూమినియం వచ్చింది, పేరు మాత్రం అదే ఉండిపోయింది, వనస్పతినంతా డాల్డా అన్నట్టు. 1964లో క్రేగార్ కంపెనీ ఎస్ఎస్ అని అయిదు పుల్లల చక్రం తెచ్చింది, ఇనప రిమ్ముకి మధ్యలో క్రోము పూత పోత ముక్క, కాలేజీ కుర్రాడు కూడా కొనుక్కునే ధర, అందుకే అంత పేరు. మీ అల్లుడు చూసింది అదే తరహాది కావచ్చు, ఫొటో బట్టి ఖాయంగా చెప్పను.

ఫియట్‌కి మాత్రం వద్దు. బోల్టుల మధ్య దూరం కలవాలి, మధ్య కన్నం హబ్బుకి పట్టాలి, రిమ్ము లోపలి వైపు ఎంత పోతుందో బయటికి ఎంత వస్తుందో చూడాలి, ఇవేవీ కుదరవు, కుదిర్చితే బేరింగు పోతుంది. పైగా పాత పోత చక్రానికి కంటికి కనపడని బీటలుంటాయి. కొనమనండి, తెచ్చి గోడకి తగిలించుకోండి, పైన గాజు పలక వేస్తే టీపాయి కూడా బాగుంటుంది.

*

ప్రశ్న: అన్నా, మా ఫ్రెండ్సంతా కలిసి రాత్రి రెండింటికి హైవే మీద ట్రాఫిక్ లేనప్పుడు డ్రాగ్ పెడదామనుకుంటున్నాం. బండికి ఏం చేయించాలి? (పలాస)

జవాబు: ఏటి చేయించొద్దు, ఇంట్లో పడుకోండి. మీరేటి చూశారు మావాళ్లకి ఎన్ని ఎముకలు విరిగాయో, నేను ఇక్కడ పూరీల కథే రాశాను, మిగతావి రాయలేదు. జూట్ మిల్లు షిఫ్టు వదిలే టైముకి సైకిళ్లు రోడ్డెక్కుతాయని సైరన్ కూసే ముందే సర్దేసేవాళ్లం, అయినా ఒకసారి గేదె అడ్డొచ్చి మావాడి కాలు పోయినంత పని అయ్యింది. మీరనుకునే హైవే మీద రాత్రి రెండింటికి లైట్లు లేకుండా ఆగిన లారీలుంటాయి. చట్టం కూడా మారింది, మోటారు వాహనాల చట్టం 189 సెక్షను, 2019 సవరణ తర్వాత పర్మిషను లేని రేసుకి మూడు నెలల దాకా జైలు, 5,000 దాకా జరిమానా, లేదా రెండూ, మళ్లీ పట్టుబడితే ఏడాది దాకా, 10,000 దాకా. అంత దురదగా ఉంటే చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ట్రాక్ ఉంది, 1990 నుంచీ ఉంది, డబ్బులు దాచుకుని వెళ్లండి, హెల్మెట్ పెట్టుకుని తోలండి.

*

ప్రశ్న: అన్నయ్యగారూ, మా ఇంటి అటక దులిపితే పాత కారు చక్రం మూత ఒకటి బయటపడింది, గుండ్రంగా స్టీలు పళ్లెంలా ఉంది, అంచు సొట్టపడింది. మాకు ఎప్పుడూ కారు లేదు. పాత ఇనపసామాన్ల వాడికి వేద్దామంటే మావారు ఒప్పుకోవడం లేదు, ఎక్కడిదంటే చెప్పరు, చిన్నప్పుడు చేలో దొరికిందంటారు. దీనికి ఏమైనా విలువ ఉంటుందా? (ఒక గృహిణి, నెల్లిమర్ల దగ్గర)

జవాబు: వెయ్యకండమ్మా, దయచేసి వెయ్యకండి. నా దగ్గర అలాంటివి మూడే ఉన్నాయి. కప్పు వెనక్కి తిప్పి చూడండి, ఏ చక్రంది ఆ చక్రానికే పెట్టాలని నేను మేకుతో అంకెలు గీసుకునేవాణ్ని, నా దగ్గరున్నవి 1, 2, 4. మీదాని మీద మట్టి కడిగితే 3 కనిపిస్తే మీవారిని ఒకసారి మా షెడ్డుకి పంపండి, పూరీ, టీ నాది.